రెండు పాతొక్‌ల పొలం సంగతి

చి. చిన్నబాబుకి,

నాన్న ఆశీస్సులు. మేం ఇల్లు చేరి పది రోజులైంది. మీ అమ్మ కాళ్ల వాపు తగ్గింది. వియ్యపురాలు కట్టిచ్చిన సోయాగింజలు పులియబెట్టి చేసే టెంపే చిప్స్ వీధంతా పంచగా మాకు మిగిలింది ఒక్క ప్యాకెట్టు.

ఇండోనేషియాలో, మీ అత్తవారి ఊళ్లో కొంటానంటూ నువ్వడిగిన ఎకరం పొలం సంగతి. ఫోన్లో ఎత్తితే "సర్లే నాన్నా, చూద్దాం" అని మీటింగులోకి దూరతావు. అందుకే కాగితం పట్టుకున్నాను. కోడలికి కూడా చదివి చెప్పు, నీకు నచ్చని ముక్కలు దాటెయ్యకుండా.

ఊరు నచ్చక వద్దంటున్నానని మాత్రం అనుకోకు. ఆ నెల రోజులూ నాకు పొరుగూరిలో ఉన్నట్టే ఉంది. జావా దీవిలో ఒక పక్క యోగ్యకర్త నగరం, ఇంకో పక్క సోలో నగరం, మధ్యలో క్లాతెన్ జిల్లా. వాయవ్యాన మెరాపి కొండ పొగ కక్కుతూ ఉంటుంది. జనం దాన్ని చూసి భయపడతారు, దాని మీదే బతుకుతారు. బూడిద పడ్డ నేల, కొండ కింద ఊటల నీళ్లు. కాలవ ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసే మనకి ఏడాదికి మూడు వరి పంటలంటే అసూయ పుట్టదూ! ఒక మడిలో కోత, పక్క మడిలో నాట్లు, దాని పక్కన ఆకుమడి. ఒకే రోజు ఈ మూడూ పక్కపక్కన నేను మన గోదావరి జిల్లాలో చూడలేదు.

వాళ్ల చిక్కు కూడా అందులోనే ఉంది. నేలకి సెలవు లేకపోతే పురుగుకీ ఉండదు. రెండో రోజు పొద్దున్నే వియ్యంకుడు నన్ను గట్టు మీదకి తీసుకెళ్లాడు. ఆయనకి తెలుగు రాదు, నాకు జావా భాష రాదు, కోడలు ఇంకా లేవలేదు. ఆయన మడిలోకి దిగి ఒక దుబ్బు మొదలు పట్టుకుని చేత్తో రెండు తట్లు తట్టి, వంగి నీళ్ల మీద చూశాడు. నేనూ పంచె ఎగ్గట్టి దిగి పక్క దుబ్బు తట్టాను. నా దుబ్బు కింద ఏడు దోమలు తేలాయి. వేళ్లు ఏడు చూపించాను. ఆయన "వెరెంగ్" అన్నాడు, నేను "సుడిదోమ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆయన నవ్వు సగంలోనే ఆగిపోయింది. 2010 ప్రాంతంలో ఆ దోమ వాళ్ల చేలని తగలబెట్టినట్టు ఎండబెట్టేసిందని తర్వాత కోడలు చెప్పింది.

ఇక లెక్కలు. పాతొక్ అంటే గట్టున పాతే గుంజ. అక్కడ పొలం కొలత పేరూ అదే. ఊరిని బట్టి మారుతుంది, సుమారు అరెకరం అనుకో. నువ్వు కొంటానన్నది రెండు పాతొక్‌లు. పంట బాగుంటే పాతొక్‌కి టన్ను పచ్చి ధాన్యం వస్తుంది. 2025లో వాళ్ల ప్రభుత్వం పచ్చి ధాన్యానికి కిలో 6,500 రుపియా కట్టింది, మన లెక్కలో 35 రూపాయలకి అటూ ఇటూ. ఆరబెట్టే పని లేకుండా ఆ ధర! మన మద్దతు ధర ముందు అది మంచిదే, ఒప్పుకుంటాను. రెండు పాతొక్‌ల మీద పంటకి 70 వేల లోపు. కానీ నువ్వు దున్నవు కదా. పాలికి ఇస్తావు. దాన్ని అక్కడ "మరో" అంటారు, అంటే సగం. (మన "మరో" కాదు. నేను మొదట మరో ఏమిటి అని అడిగాను.) విత్తనం, ఎరువు, నాట్ల కూలి తీశాక నీ సగంలో మిగిలేది ఎంతో నువ్వే లెక్కేసుకో, నీకు ఎక్సెల్ వచ్చు. చాలామంది కోతదాకా ఆగరు. పైరు నిలబడి ఉండగానే వ్యాపారి వచ్చి గట్టు మీద నుంచి ఒక చూపు చూసి, మొత్తానికి ఇంత అని బేరం చేసి, తన కూలీలతో కోయించుకుపోతాడు. మనూళ్లో మామిడితోట కాపు మీద అమ్మినట్టు, వాళ్లు వరిని అమ్ముతారు.

అర హెక్టారు లోపు ఉన్న రైతుని వాళ్ల భాషలో "గురెమ్" రైతు అంటారట. గురెమ్ అంటే కోడిపేను. ఆ మాట చెప్పింది వియ్యంకుడే, తనని చూపించుకుంటూ.

పంట మీద కాదు నాన్నా, ధర పెరుగుతుందని కొంటున్నాను అంటావు. సోలో నుంచి యోగ్యకర్తకి వేసే టోల్ రోడ్డు కింద పొలాలు పోయినవాళ్లకి పెద్ద మొత్తాలు వచ్చిన మాట నిజమే, కొత్త కార్లు నేనూ చూశాను. రోడ్డుకి రెండు మడుల అవతల ఉన్నవాడికి వచ్చింది దుమ్ము. పైగా 2009లో చేసిన చట్టం ఒకటి ఉంది, పంటభూమిగా గుర్తించిన వరిపొలాల్లో ఇళ్లు కట్టనివ్వరు. కోడలమ్మాయి చిన్నాన్న చూపించిన పొలం అందులో ఉందో లేదో ఎవరైనా అడిగారా?

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. వాళ్ల భూమి చట్టం 1960ది. పూర్తి హక్కుని "హక్ మిలిక్" అంటారు. హక్ అంటే మన హక్కే, అరబ్బు మాట రెండు దేశాలకీ చేరింది. కానీ ఆ హక్కు ఇండోనేషియా పౌరులకే. నీలాంటి విదేశీయుడికి దొరికేది "హక్ పాకాయ్", అంటే వాడుకునే హక్కు. అదీ ఇంటి కోసం, మొదట 30 ఏళ్లు, తర్వాత పొడిగింపులు. వరిపొలం నీ పేరు మీదకి రాదు. అందుకని మీ ఆఫీసులో ఎవరో ఇచ్చిన సలహా ప్రకారం అమ్మాయి తమ్ముడి పేరున కొని, లోపల ఒక ఒప్పందం రాయించుకుందామంటున్నావు. ఆ చట్టంలోనే 26వ సెక్షన్ చూడు. తిరుగుడు దారిలో విదేశీయుడికి భూమి చేర్చే ఏ లావాదేవీ అయినా చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడగడానికి లేదు. అంటే ఆ ఒప్పందం పట్టుకుని కోర్టుకి వెళితే నీ నేరాన్ని నువ్వే రుజువు చేసుకున్నట్టు.

బినామీ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీకు మూడేళ్లప్పుడు చుట్టాల్లో ఒకరి పేరున 80 సెంట్లు కొన్నాను. ఆ మనిషి చెడ్డవాడు కాదు. కూతురి పెళ్లికి చేతిలో డబ్బు లేదు, పేరు మీద పొలం ఉంది, అమ్మాడు. ఎవరన్నది రాయను, ఈ ఉత్తరం మీ అమ్మ చదివాకే పోస్టు చేస్తుంది.

మీ పెళ్లి ముందు ఆస్తులు వేరు అని రాసుకోలేదు కదా. అలా రాసుకోకపోతే అమ్మాయి పేరున కొన్నా అది ఇద్దరి ఆస్తి కిందకి వచ్చి, ఏడాదిలోగా వదులుకోవాల్సి వస్తుంది. 2016లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ముందు ఆ పని చేయండి. దీన్ని అనుమానం కింద తీసుకోవద్దని కోడలికి నా మాటగా చెప్పు. ఇది ఆమె హక్కు నిలబెట్టడానికే. అదయ్యాక కూడా ఒక ముడి ఉంది. వ్యవసాయ భూమి యజమాని ఆ మండలంలోనో పక్క మండలంలోనో ఉండాలని 1961 నుంచి నిబంధన. మీరుండేది జకార్తాలో.

ఆ పొలం కాగితాలేవి అని అడిగితే ఊరి ఆఫీసు భూముల పుస్తకంలో "లెటర్ సి" అనే పాత నమోదు ఉందన్నారు. అందులో పేరు అమ్మాయి తాతగారిది. ఆయన పోయి పదిహేనేళ్లు. వారసులు నలుగురు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. వాటాల గురించి జావా వాళ్లకి ఒక మాట ఉంది: మగవాడికి కావడి, ఆడదానికి వీపు మూట. కావడికి రెండు తట్టలు, వీపుకి ఒకటి. కొన్ని ఇళ్లలో ఇలా, కొన్ని ఇళ్లలో అందరికీ సమానం. ఈ నలుగురూ ఏ లెక్కన పంచుకుంటారో వాళ్లకే తేలలేదు. తేలనిదాన్ని నువ్వు కొంటావా?

ఉద్యోగం మానేసి అక్కడే ఉంటామంటే ఉండండి. బతకడానికి మంచి ఊరు. ఒక్కటి మాత్రం బడ్జెట్‌లో రాసుకో, చదివింపులు. పెళ్లిళ్ల నెలలో వియ్యంకుడి ఇంటికి రోజుకో శుభలేఖ వచ్చింది. కవరులో డబ్బు పెట్టకుండా వెళ్లకూడదు, వెళ్లకుండా ఉండకూడదు. వియ్యపురాలు వంటసాయానికి వెళితే చీకటి పడ్డాకే రాక.

ఇప్పుడు నేను అడగాల్సింది అడుగుతాను. ఆ దోమ చూసిన రోజే తిరిగొస్తూ వియ్యంకుడు రోడ్డువార ఒక పాతొక్ చూపించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తనదన్నాడు. అందులో ఎవరో వేరేవాళ్లు నాట్లు వేయిస్తున్నారు. నేను తికమకపడ్డాను. రాత్రి కోడలిని అడిగితే చెప్పింది. 2006 భూకంపంలో ఇల్లు కూలితే, కప్పు వేయడానికి అది తాకట్టు పెట్టాడట. అప్పటి నుంచి పంట అవతలివాడిదే. ఏడేళ్లు దాటిన తాకట్టు పొలాన్ని డబ్బు తీసుకోకుండా తిరిగి ఇచ్చెయ్యాలని వాళ్ల చట్టంలోనే ఉంది. కోడలికీ తెలుసు. కానీ ఆ మనిషి గోడ అవతలి ఇంటివాడు, పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాలి, మా నాన్న అడగడు అంది.

కొత్త పొలం మాట పక్కనపెట్టి దాన్ని విడిపించు. కాగితం మీద నీ పేరు ఎక్కడా ఉండదు, ఉండకూడదు కూడా. ఎంత కట్టాలో కోడలిని మెల్లగా కనుక్కోమను, వియ్యంకుడితో నువ్వు నేరుగా ఎత్తకు, చిన్నబుచ్చుకుంటాడు. దాళ్వా ధాన్యం డబ్బులు పడ్డాయి, నేను లక్ష వరకు సర్దగలను. ఇప్పుడున్న పైరు కోతకి వచ్చేలోపు తేల్చండి, లేకపోతే మళ్లీ అవతలివాడే నాటేస్తాడు.

మీ అమ్మ గోంగూర విత్తనాలు కవరులో పెడతానంటోంది. పంపనిస్తారో లేదో కనుక్కుని ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నాన్న