మెకంజీల గురించి కాస్త వాకబు

అమ్మలూ,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం బానే ఉన్నాం. మీ అమ్మకి మోకాలు మళ్ళీ పట్టేసింది, డాక్టర్ దగ్గరికి పదమంటే రేపు రేపు అంటోంది. గౌరి మొన్న పిల్లాడితో వచ్చి వెళ్ళింది. వెనక వేపచెట్టు కొమ్మ కరెంటు తీగల మీద పడితే లైన్‌మన్ వచ్చి సగం చెట్టు కొట్టేసి పోయాడు. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది, డ్యూటీలు ఎక్కువ ఉంటాయిలే అని మేమే సర్దిచెప్పుకుంటున్నాం. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపిస్తున్నావు, అది చూపించి పిల్ల బానే ఉంది అని మీ అమ్మని నమ్మిస్తున్నా.

నాకు ఈమధ్య పెద్దగా పనేం లేక మెకంజీల గురించి చదువుతున్నా. ఊరికేనే. శేషు కొడుకు మాంచెస్టర్ నుంచి వచ్చి ఏదో అన్నాడని కాదు. ఇన్వర్నెస్ వచ్చినప్పుడు నువ్వూ ఒక మెకంజీ అబ్బాయీ కలిసి వాణ్ణి స్టేషన్‌లో దించారంట. ఇంకా ఏదేదో చెప్పాడు, వాడు గోరంతలు కొండంతలు చేసే రకం అని మాకు తెలీదా, మేం పట్టించుకోలేదు. కానీ సర్వే డిపార్ట్‌మెంట్‌లో గొలుసు పట్టుకుని గట్ల మీద తిరిగినవాడికి, మన మొదటి సర్వేయర్ జనరల్ ఇంటిపేరు, ఆ మెకంజీ చెవిన పడితే ఊరుకోబుద్ధవుతుందా చెప్పు.

ఆ పేరు స్కాట్లండ్‌లో గేలిక్ భాష మాట్లాడేవాళ్ళది. కెన్నెత్‌ని వాళ్ళు కోయిన్యఖ్ అంటారు, ఆ కెన్నెత్ కొడుకులు అన్నదే తిరిగి తిరిగి మెకంజీ అయింది. మొదట పడమటి తీరంలో కిన్‌టెయిల్, అక్కడ నీళ్ళ మధ్యన ఐలీన్ డోనన్ అని కోట, నువ్వు పోయినేడాది గొడుగు లేకుండా నిలబడి ఫొటో పెట్టావే అదే. వర్షంలో టోపీ కూడా లేదు ఆ ఫొటోలో, పక్కన కారు అద్దంలో ఫొటో తీసినవాడి చెయ్యి మాత్రం కనబడుతోంది, మీ అమ్మ చూపించింది. సరే, తర్వాత మీ ఇన్వర్నెస్‌కి పైనున్న రాస్ ప్రాంతమంతా వీళ్ళదే అయింది, 1623లో సీఫోర్త్ ప్రభువులయ్యారు, 1715 తిరుగుబాటులో, బ్రిటన్ గద్దె నాదన్న జేమ్స్ పక్షాన దిగి ఓడిపోయి బిరుదూ భూములూ పోగొట్టుకున్నారు. ఇప్పటి పెద్దమనిషి క్రోమార్టీ ప్రభువు, స్ట్రాత్‌పెఫర్ పక్కన కాసిల్ లియోడ్‌లో ఉంటారు, నీకు దగ్గరే. వీళ్ళ గుర్తు జింక తల, దుప్పి నుంచి రాజుగారిని కాపాడాడని ఒక పూర్వీకుడి కథ ఉందిలే. మన జమీందార్లకీ ఇలాంటి పులి కథలు బోలెడు, నేనైతే నమ్మను.

ఇందులో అసలు సంగతి ఏంటంటే, ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన వీళ్ళంతా ఒక్క రక్తం కాదు. ఆ నాయకుడి భూముల్లో ఉండి, ఆయన నీడన బతికినవాళ్ళు కూడా ఆయన పేరే పెట్టుకున్నారు. మన దగ్గర ఇంటిపేరు చెప్తే గోత్రం, ఊరు, మేనమామ ఎవరో కూడా రామచంద్రాపురం అత్తయ్య చెప్పేస్తుంది, అక్కడ అది కుదరదన్నమాట. మనిషిని చూసి మాట్లాడితేనే తెలిసేది. ఉన్నమాట చెప్తున్నా అంతే.

మన మెకంజీ సంగతి చెప్తా విను, చిన్నప్పుడు చెప్తే నిద్రపోయేదానివి. కాలిన్ మెకంజీ, లూయిస్ దీవిలో స్టోర్నోవే ఆయన ఊరు, తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టరు. ఆయన కుర్రతనంలో అక్కడే కస్టమ్స్‌లో ఉద్యోగం. మేం చచ్చీ చెడీ చూసుకున్న లాగరిథమ్ టేబుల్స్ ఉన్నాయే, వాటిని కనిపెట్టిన నేపియర్ జీవితచరిత్ర రాయాలని ఆ వంశపు ప్రభువు ఒకాయన అనుకుని, ఇండియా వాళ్ళ లెక్కల గురించి సమాచారం చూడమని ఈయనకి అప్పజెప్పాడు. 1783లో మద్రాసులో దిగాడు, మధురైలో ఆ నేపియర్ ప్రభువు కూతురు హెస్టర్ ఈయన్ని పండితులతో మాట్లాడించింది, అక్కడ అంటుకుంది పిచ్చి. ఆ లెక్కల పుస్తకం ఏమైందో గానీ ఈయన మాత్రం స్టోర్నోవే మళ్ళీ చూడలేదు. యుద్ధాలకి వెళ్ళాడు, నైజాం ఇలాకా కొలిచాడు, టిప్పు పోయాక మైసూరంతా కొలిచాడు, దారిలో కనబడిన శాసనాలూ, కరణాల దగ్గరున్న గ్రామ చరిత్రలూ అన్నీ రాయించాడు. మనం కైఫీయత్తులు అంటున్నది అవే. 1798లో అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బ చూశాడు, 1816లో మళ్ళీ వెళ్ళి ఆ చెక్కిన రాళ్ళని బొమ్మలు గీయించాడు. 1815లో ఇండియా మొత్తానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కలకత్తా దగ్గర పోయాడు, సమాధి పార్క్ స్ట్రీట్ శ్మశానంలో.

ఇంత చేసినాయనకి మన భాషలు రావమ్మా! అంతా చదివి చెప్పింది మన ఏలూరువాడు కావలి బోరయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి. 1796లో బోరయ్య చేరాడు, కొద్దేళ్ళకే, 1803లో, చిన్న వయసులోనే పోయాడు. నాకు ఇండియా విజ్ఞానపు వాకిలి తెరుచుకున్నది ఆయన వల్లే అని తర్వాత మెకంజీయే రాసుకున్నాడు. మెకంజీ పోయాక ఆ సేకరణ పని నేను చేస్తాను మొర్రో అని లక్ష్మయ్య అడిగితే కలకత్తా పెద్దలు నీకంత అర్హత లేదు పొమ్మన్నారు. అన్నీ చేసిపెట్టినవాడు లక్ష్మయ్య! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను చెప్పొచ్చేది, పక్కన ఉన్న మనిషి భాష రానప్పుడు అంతా ఒక్కళ్ళే మోస్తారు, ఒక్కళ్ళే అలిసిపోతారు. కాబట్టి ఎవరైనా సరే నాలుగు ముక్కలు తెలుగు నేర్చుకుంటే మంచిది. అన్నం, పప్పు, అత్తయ్యగారూ, ఇంత చాలు మొదట్లో.

ఇంకా చాలామంది ఉన్నారు. అలెగ్జాండర్ మెకంజీ, ఈయనదీ స్టోర్నోవేనే, పసిఫిక్‌కి పోతుందని ఒక నది పట్టుకుని 1789లో వెళ్తే అది ఆర్కిటిక్‌లో తేలింది, కెనడాలో దానికి ఆయన పేరే. ఊరుకున్నాడా, 1793లో ఇంకో దారిన పసిఫిక్ చేరి రాయి మీద పేరు రాసొచ్చాడు. మరో అలెగ్జాండర్ మెకంజీ రాళ్ళు చెక్కే మేస్త్రీ, 1873లో కెనడా ప్రధానమంత్రి అయ్యాడు, సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు, నాకు నచ్చిన మెకంజీ ఈయనే. పనికిమాలినవాడూ లేకపోలేదు, ఎడిన్‌బరోలో జార్జ్ మెకంజీ అని పెద్ద ప్రభుత్వ లాయరు, రాజుగారి చర్చి పద్ధతి ఒప్పుకోనివాళ్ళని తెగ హింసించి నెత్తుటి మెకంజీ అనిపించుకున్నాడు. 1679లో గ్రేఫ్రయర్స్ చర్చి పక్కన ఆరుబయట ఖైదీలని పెట్టారు, అది ఇప్పటికీ చూపిస్తారు. పెద్ద లా లైబ్రరీ పెట్టినవాడూ ఆయనే, ఏం చెప్తాం. ఆ అబ్బాయి వీళ్ళ తాలూకు అయి ఉండడులే. ఏ అబ్బాయి అంటావేమో, శేషు కొడుకు చెప్పిన అబ్బాయి.

విటమిన్ డి మాత్రలు వేసుకుంటున్నావా? అక్కడ చలికాలంలో ఎండే రాదట. నైట్ డ్యూటీ అయ్యాక ఐసు మీద నడిచి రావద్దు, టాక్సీ ఎక్కు, డబ్బులకి చూసుకోకు. ఎవరైనా దించుతానంటే దించించుకో, మంచిదే, కానీ వాళ్ళు మందు తాగారేమో చూసుకో. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినదానికి ఇవన్నీ చెప్పాలా అంటావు, చెప్పాలి. పెద్దవాళ్ళకి చెప్పకుండా దాచుకుంటే ఏ విషయమైనా నాలుగు నోళ్ళలో పడి వంకరై వస్తుంది, నేను ఫలానా విషయం అనడం లేదు, మామూలుగా అంటున్నా. మీ అమ్మ ఏడవడం లేదు, అదొక్కటి నమ్ము. పెద్దన్నయ్యకి ఇంకా చెప్పలేదు.

ఆదివారం మన టైమ్ రాత్రి తొమ్మిదికి ఫోన్ దగ్గరే ఉంటాను. మెకంజీలు ఎవరైనా పక్కనుంటే వాళ్ళది కిన్‌టెయిల్ వైపా స్టోర్నోవేనా అని ఒకసారి నన్ను అడగనివ్వు, సర్వే సంగతి అంతే. గోంగూర పచ్చడి రెండు సీసాలు ప్యాక్ చేయించా, మీ అమ్మ ఒక దానిలో కారం తగ్గించింది, ఎందుకని అడిగితే చెప్పలేదు. ఈ వారం పంపిస్తాం.

మీ నాన్న