గీసినవాళ్ల మాటలూ వేయండి

సంపాదకులకు,

ఆర్ట్ ఫెయిర్ వార్తంటే ఎవరు ప్రారంభించారు, ఎన్ని బొమ్మలు పెట్టారు అనే దగ్గరే మీరు ఆపేస్తున్నారు, అసలు సంగతంతా బొమ్మల పక్కన కూర్చున్న ఆర్టిస్టుల మాటల్లో ఉంటుందండీ. మొన్న ఒకావిడ ముసలాయన ముఖం గీస్తూ, ముందు గట్టి ములుకుండే 2హెచ్ పెన్సిల్‌తో తేలిగ్గా గీసుకుని, నీడలకి మెత్తగా, నల్లగా పడే 6బి పెన్సిల్ తీసుకుని, గీతల మీద అడ్డంగా ఇంకో వరస గీతలు వేస్తూ పోయారు. కళ్లలో మెరుపు తెల్లరంగనుకున్నా. కాదట, మొదటినుంచీ ముట్టుకోకుండా వదిలేసిన కాగితమేనట! బొగ్గుతో గీసే కుర్రాడైతే సగం బొమ్మ రబ్బరుతోనే గీస్తానన్నాడు, కాగితమంతా నల్లగా పూసేసి, వెలుగు పడేచోట మెత్తటి రబ్బరు ముద్దతో అద్ది తీస్తాడు. ప్రేరణ ఏంటని అడిగితే నవ్వి, బస్సులో నిద్రపోయేవాళ్లు, కదలరు కదా అన్నాడు. వీటికి ఆదివారం ఒక కాలమ్ ఇవ్వండి.

- ఒక పాఠకుడు