బ్యాటరీ కన్నా ముందు ప్యాచ్‌ల సంగతి చూడాలి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

పాత సింథసైజర్లకు, అంటే విద్యుత్తుతో నాదాలను పుట్టించే కీబోర్డులకు, మళ్లీ పెరుగుతున్న ఆదరణపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. కొనేముందు మెట్లు, స్లైడర్లు, తెర ఎలా పరీక్షించుకోవాలో వ్యాసకర్త ఓపికగా వివరించారు. అయితే వాద్యం లోపల దాగి ఉండే ప్యాచ్‌ల గురించి, అంటే ఎవరో గంటల తరబడి కూర్చుని మలిచి నిలవ చేసుకున్న నాదాల గురించి, అందులో ఒక్క మాట కూడా లేదు. విరిగిన మెట్టుకు బదులు మరొకటి దొరుకుతుంది గానీ, చెరిగిపోయిన ప్యాచ్‌కు బదులు దొరకదు. ఆ నష్టం నాకు స్వయంగా తెలుసు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

యమహా సంస్థ 1983లో తెచ్చిన డీఎక్స్7 కీబోర్డులో 32 ప్యాచ్‌లు నిలవ ఉంటాయి. కరెంటు తీసేసినా అవి చెదరకుండా కాపాడేది లోపలి బోర్డుకు టంకం వేసి అతికించిన 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. అది ఏళ్ల తరబడి మూగగా పనిచేసుకుపోతుంది కనుక దాని ఉనికే ఎవరికీ గుర్తుండదు. అది నీరసించిన రోజునో, మరమ్మతు కోసం దాన్ని ఊడదీసిన రోజునో 32 ప్యాచ్‌లూ ఒక్కసారిగా పోతాయి. నా వాద్యానికి జరిగింది ఇదే. మరమ్మతు చేసినాయన కొత్త బ్యాటరీని చక్కగా అమర్చారు. ప్యాచ్‌లకు ప్రతి తీసుకున్నారా అని ఆయన అడగలేదు, తీసుకోవాలని నాకు తెలియదు. అందులో నేను ఎన్నో ఏళ్లు వాడిన ఒక ప్యాచ్ ఉండేది. మెల్లగా వాయిస్తే ఊపిరిలా వినిపించి, గట్టిగా నొక్కితే కంచులా మోగేది. దాని రికార్డింగు నా దగ్గర ఉంది. విని మళ్లీ తయారు చేసుకోవచ్చనుకున్నాను. డీఎక్స్7లో ఒక్కో నాదం ఆరు ఆపరేటర్ల (ధ్వని తరంగాలను పుట్టించే భాగాల) మీద నిర్మితమవుతుంది. ప్యాచ్ పేరును పక్కన పెట్టినా 145 విలువలు సరిగ్గా కుదరాలి. ఎన్ని రాత్రులు కూర్చున్నా దాని దరిదాపుల్లోకి వెళ్లగలిగాను తప్ప దాన్ని చేరుకోలేకపోయాను.

విచారకరమైన విషయమేమిటంటే, ఆ నష్టాన్ని ఆపడానికి రెండు సెకన్లు చాలేవి. వాద్యాలనూ కంప్యూటర్లనూ కలిపే మిడి తీగ సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తుంది. 32 ప్యాచ్‌ల పూర్తి బ్యాంకు, ముందువెనుకల గుర్తులతో కలిపి, 4,104 బైట్లే. దీన్ని సిస్టం ఎక్స్‌క్లూజివ్ (క్లుప్తంగా సిస్ఎక్స్) సందేశంగా, అంటే ఆ వాద్యానికే ప్రత్యేకమైన మిడి సందేశంగా, కంప్యూటరుకు పంపడాన్నే డంప్ అంటారు. ఆ డంపును అందుకుని, విప్పి, పేర్లతో చూపించి, కావలసినప్పుడు తిరిగి వాద్యానికి పంపేదే లైబ్రేరియన్ సాఫ్ట్‌వేర్. విండోస్‌కు మిడి ఆక్స్, మ్యాక్‌కు సిస్ఎక్స్ లైబ్రేరియన్ వంటివి డంపును ఉన్నదున్నట్టుగా భద్రపరుస్తాయి. ఎడిసిన్ వంటివి ప్యాచ్‌ను విప్పి తెరపైనే సవరించనిస్తాయి. అన్ని వాద్యాలూ ఇంత సులువుగా లొంగవు. 128 ప్యాచ్‌లు పట్టే రోలాండ్ జూనో 106 తన నిలవనంతటినీ క్యాసెట్ టేపు మీదికి శబ్దరూపంలో పంపేలా తయారైంది; ఆ శబ్దాన్ని ఇప్పుడు కంప్యూటరులో రికార్డు చేసి దాచుకోవచ్చు.

లైబ్రేరియన్ విలువ నిజంగా తెలిసేది ప్యాచ్‌లు వేలల్లోకి చేరినప్పుడే. డీఎక్స్7 ప్యాచ్ పేరుకు పది అక్షరాలకు మించి చోటు లేదు. పైగా చేతులు మారిన కొద్దీ జనం పేర్లు మార్చేశారు గనుక ఒకే నాదం నాలుగైదు పేర్లతో తిరుగుతూ ఉంటుంది. బ్యాంకులో ఒక్కో ప్యాచ్ 128 బైట్లు. వాటిలో చివరి పది పేరువి. ఆ పదింటినీ వదిలి మిగిలిన 118 బైట్లను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ అయితే మారుపేర్లతో తిరుగుతున్న నకళ్లను క్షణంలో పట్టిస్తుంది. కానీ దొరికిన నకలునల్లా చెరిపేయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ బ్యాంకులో ఏ వరసలో ఉందన్నదే కొన్నిసార్లు ఆ ప్యాచ్ ఎవరి చేతి పనో చెప్పే ఏకైక ఆధారం.

లైబ్రేరియన్‌ను నమ్ముకోవడంలోనూ ఒక ప్రమాదం ఉంది. ఒకప్పుడు గెలాక్సీ అనే లైబ్రేరియన్‌ను తయారు చేసిన ఆప్‌కోడ్ సంస్థను 1998లో గిబ్సన్ కొనుక్కుంది, ఆ తర్వాత కొద్దికాలానికే దాని ఉత్పత్తుల అభివృద్ధి ఆగిపోయింది. సౌండ్‌డైవర్‌ను రూపొందించిన ఎమాజిక్‌ను 2002లో యాపిల్ కొన్నాక ఆ సాఫ్ట్‌వేర్ కూడా కనుమరుగైంది. ప్యాచ్‌లను కేవలం ఆ ప్రోగ్రాముల సొంత ఫైళ్లలోనే దాచుకున్నవారికి, ఫైలు చేతిలోనే ఉన్నా తెరిచే దారి మూసుకుపోయింది. కాబట్టి ఏ లైబ్రేరియన్ వాడినా, దాని సొంత భాండాగారంతో పాటు వాద్యం పంపిన డంపును ఒక్క బైటు కూడా మార్చకుండా సిస్ఎక్స్ ఫైలుగా విడిగా ఉంచాలని గట్టిగా కోరుతున్నాను. నలభై ఏళ్ల నాటి ఆ డంపు రూపాన్ని నేటి ఉచిత ప్రోగ్రాములు సైతం ఇట్టే చదువుతున్నాయి.

ఆ ఫైలు పక్కనే మామూలు అక్షరాల్లో ఒక చిన్న పత్రం కూడా ఉండాలి. డీఎక్స్7లో పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచడం) పరిధి, పోర్టమెంటో (ఒక స్వరం నుంచి మరోదానికి జారడం), నాదానికి కదలికనిచ్చే మాడ్యులేషన్ చక్రం దేన్ని ఎంత కదిలించాలన్న ఏర్పాట్లు ప్యాచ్‌తో పాటు నిలవ కావు. అవి వాద్యమంతటికీ ఉమ్మడి. అందువల్ల డంపు పదిలంగా తిరిగి వచ్చినా, చక్రం తిప్పగానే నాదం పరాయిదిలా తోచవచ్చు. ఆ విలువలను, వాద్యం పేరును, డంపు తీసిన తేదీని, ప్యాచ్ ఎవరు చేశారో తెలిస్తే ఆ సంగతిని రాసి ఉంచడం లైబ్రేరియన్ చేయని పని, మనమే చేయవలసిన పని.

తిరిగి పంపేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. బ్యాంకు డంపు వాద్యంలోకి చేరిందంటే అప్పటికే అక్కడున్న 32 ప్యాచ్‌లనూ కప్పేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికే, నిలవ మారకుండా కాపాడే మెమరీ ప్రొటెక్ట్ మీట ఉంది. పాత కీబోర్డు కొని తెచ్చిన ఉత్సాహంలో ఎక్కడో దొరికిన బ్యాంకును ముందుగా పంపేవారు, గత యజమాని జీవితకాలపు కృషిని తమకు తెలియకుండానే తుడిచేస్తున్నారు.

మీ వ్యాసకర్త ఇదే శీర్షికలో తదుపరి భాగం రాస్తారని ప్రకటించారు. అందులో కొనుగోలుదారుల పరీక్షల జాబితాకు మొట్టమొదటి అంశంగా డంపు తీయడాన్ని చేర్చాలనీ, డీఎక్స్7 వంటి వాద్యాలు బ్యాటరీ వోల్టేజీని తమ తెరపైనే చూపగలవన్న సంగతిని కూడా తెలియజేయాలనీ మనవి చేస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు, కీబోర్డు వాద్యకారుడు