ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో చదివేలా చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న డీటీపీ సెంటర్. బిల్లింగ్‌వి, పీడీఎఫ్‌వి, పెళ్లికార్డుల డిజైన్‌వి, రకరకాల సాఫ్ట్‌వేర్లు వాడతాం. చాలావాటితో ఒకటే ఇబ్బంది, ఫైల్ సేవ్ అయ్యాక అది ఎక్కడుందో చెప్పే లైను (ఫైల్ పాత్ అంటారు) మనుషులు చదివేలా ఉండదు. సీ డ్రైవ్, యూజర్స్, యూజర్ పేరు, డాక్యుమెంట్స్ అని మొదలుపెట్టి, చోటు అయిపోగానే మూడు చుక్కలు పెట్టి ఆపేస్తారు. ఆ మొదటి ముక్క మా ఫైళ్లన్నిటికీ దాదాపు ఒకటే కదా! మాకు కావాల్సింది చివరి ఫోల్డరు, ఫైలు పేరు, సరిగ్గా అవే కనపడవు. కవరు మీద రాష్ట్రం, జిల్లా రాసి ఇంటి నంబరు, మనిషి పేరు వదిలేస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు?

ఇదేమీ పెద్ద పని కాదు. మధ్య ఫోల్డర్లను చుక్కలుగా కుదించి ఫైలు పేరు మిగిల్చే ఫంక్షన్ విండోస్‌లోనే ఉంది, పాత్‌కాంపాక్ట్‌పాత్ అంటారు. లినక్స్, మ్యాక్ టెర్మినల్‌లో హోమ్ ఫోల్డర్ (యూజర్ సొంత ఫోల్డర్) దాకా ఉన్నదంతా ఒక్క టిల్డా (~) గుర్తుతో సరిపెడతారు. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచే, ఫోల్డర్లు చూసే ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో ఫోల్డర్ల పేర్లు విడివిడిగా, నొక్కితే తెరుచుకునేలా ఉంటున్నాయి. దారి తెలిసీ వాడకపోవడమే నాకు బాధ.

ఫైలుకి తెలుగులో పేరు పెడితే మరీ అన్యాయం. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైల్ పాత్‌ని వెబ్ లింకులా మార్చి అలాగే స్క్రీన్ మీద పడేస్తాయి. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి, పొల్లుకి కూడా తలా 3 బైట్లు, లింకులో ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులు, అంటే 'పెళ్లికార్డు' అన్న ఒక్క మాట 108 గుర్తులైపోతుంది! దాన్ని తిరిగి తెలుగులోకి మార్చి చూపించడం ప్రోగ్రామర్‌కి ఒకట్రెండు లైన్ల కోడ్, మాకు మాత్రం ఏ కస్టమర్ ఫైలో తెలియక టెన్షన్.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, కుదింపు చూపించడానికే. కాపీ కొడితే పూర్తి పాత్ రావాలి, చుక్కలతో వచ్చింది వాట్సాప్‌లో పంపినా ఎవరికీ పనికిరాదు.

గుంటూరు, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏటా ఎన్నో ప్రాజెక్టులు చేస్తారు. రివ్యూలో మాస్టార్లు ఈ ఒక్కటీ అడిగితే బాగుంటుంది. సేవ్ అయిందన్న మెసేజ్ పక్కనే 'ఫోల్డర్ తెరువు' అని బటన్ కూడా పెట్టిస్తే, మా షాపుకొచ్చే పెద్దవాళ్లకి ఆ లైను చదివే అవసరమే రాదు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
అరండల్‌పేట, గుంటూరు