సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ కారుకు బ్యాటరీ రిపోర్టు తప్పనిసరి చేయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. పెట్రోలు లీటరు 107 రూపాయలు దాటి కూర్చున్న ఈ రోజుల్లో రోజువారీ తిరుగుడుకు చవకలో, ఇంజిన్‌కు తోడు కరెంటు మోటారు ఉండే ఒక సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ కారు దొరికితే బాగుండునని మన హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో చాలా కుటుంబాలు ఆలోచిస్తున్నాయి. ఆర్టీసీ డిపో గ్యారేజీలో ఉద్యోగజీవితమంతా గడిపి రిటైరైనవాడిని కావడంతో, కారు కొనేముందు ఒకసారి చూసిపెట్టమని తెలిసినవాళ్లు నన్ను వెంటబెట్టుకొని వెళ్తుంటారు. అలా చూసినవాటిలో అమ్మేవాళ్లు చెప్పే మాటకూ, బానెట్ కింద ఉన్న యంత్రానికీ పొంతన లేని సందర్భాలు తరచుగా ఎదురవుతున్నందున మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు పాఠకుల దృష్టికి, అలాగే రవాణా శాఖ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

హైబ్రిడ్ అనే స్టిక్కరు ఉన్న కార్లన్నీ ఒక కోవకు చెందినవి కావు. 2015లో మారుతి సియాజ్, ఎర్టిగా డీజిల్ మోడళ్లలో వచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ పద్ధతి మైల్డ్ హైబ్రిడ్. అందులో బెల్టుతో ఇంజిన్‌కు కలిపిన ఒక స్టార్టర్ జనరేటర్ ఉంటుంది. అది సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను చప్పుడు లేకుండా మళ్లీ స్టార్ట్ చేస్తుంది, బండి ఎత్తుకునేటప్పుడు కాస్త చేయూతనిస్తుంది, వేగం తగ్గించేటప్పుడు కొంత కరెంటును వెనక్కి తీసుకుంటుంది. అంతేగాని కేవలం కరెంటు మీద ఆ కారు గజం దూరం కూడా కదలదు. 2022లో వచ్చిన హోండా సిటీ ఈ:హెచ్‌ఈవీ, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారాలోని స్ట్రాంగ్ హైబ్రిడ్ రకాల సంగతి వేరు. వాటిలో చక్రాలను తిప్పగల మోటారు, దానికి తగిన హై వోల్టేజ్ లిథియం అయాన్ బ్యాటరీ ఉంటాయి. ట్రాఫిక్‌లో నిదానంగా సాగేటప్పుడు ఇంజిన్ ఆగిపోయి బండి మోటారు మీదే నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వం కూడా 2015లో కరెంటు, హైబ్రిడ్ బండ్లను ప్రోత్సహించే ఫేమ్ పథకం కింద మైల్డ్ హైబ్రిడ్లకు ఇచ్చిన రాయితీని 2017 ఏప్రిల్ నుంచి ఎత్తేసింది. సర్కారు గుర్తించిన ఆ తేడా పాత కార్లు అమ్మే మన కన్సల్టెన్సీల బేరాల్లో మాత్రం కనిపించదు. ఆర్‌సీ చూసి తేల్చుకుందామంటే అక్కడా చిక్కే, ఎందుకంటే ఇంధనం గడిలో ‘పెట్రోల్/హైబ్రిడ్’ అన్న నమోదు మైల్డ్ హైబ్రిడ్లకూ ఉంటుంది. కాబట్టి మోడల్, వేరియంట్, తయారైన సంవత్సరం మూడూ కలిపి చూసుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

మైల్డ్ హైబ్రిడ్ పనికిరానిదని నా ఉద్దేశం కాదు. నిజానికి చవకలో రోజువారీ కారు కావాలనుకునే సాధారణ కుటుంబానికి నేను ముందుగా చెప్పేది అదే. పాత సియాజ్, ఎర్టిగాల్లోని 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను పరకాల, నర్సంపేట, జనగామల్లో ఏ మెకానిక్ అయినా కళ్లు మూసుకొని విప్పి బిగించగలడు, సామాన్లకు కొదవ లేదు. 2018 తర్వాత వచ్చిన 1.5 లీటర్ల పెట్రోలు రకమూ నమ్మకమైనదే. అయితే దానికి మామూలు పెట్రోలు కారు ధరే ఇవ్వాలి. హైబ్రిడ్ అన్న పేరుకు అదనంగా అడిగితే ఒక్క రూపాయి కూడా పెట్టనవసరం లేదు.

ఇబ్బందంతా తక్కువ ధరకు వచ్చే పాత పెద్ద హైబ్రిడ్లతోనే. పది లక్షల లోపు నిజమైన హైబ్రిడ్ కావాలని పట్టుబట్టినవాళ్లకు సాధారణంగా ఎదురయ్యేది 2013 తర్వాతి టయోటా క్యామ్రీ హైబ్రిడ్, ఎక్కడో ఒక ప్రియస్, లేదంటే 2008లో మన దేశానికి వచ్చిన హోండా సివిక్ హైబ్రిడ్. కొత్తలో పెద్ద ధర పలికిన క్యామ్రీ ఇప్పుడు చిన్న కారు ధరకు వస్తుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. కారు గట్టిదే, కాదనను. కానీ పదేళ్లు దాటిన నికెల్ బ్యాటరీకి కంపెనీ వారంటీ ముగిసిపోయి ఉంటుంది, మార్చాల్సి వస్తే ఖర్చు లక్షల్లోనే మాట్లాడాలి. బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌లో తేడా వస్తే మన దగ్గరి మామూలు గ్యారేజీలో చెయ్యి పెట్టేవాడు ఉండడు, పెట్టనివ్వకూడదు కూడా. హై వోల్టేజ్ వైర్లతో తెలియనివాళ్లు ఆడితే ప్రాణాల మీదికొస్తుంది. దానికితోడు 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటిని ఇప్పుడు బంకుల్లో పోస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలును దృష్టిలో పెట్టుకొని చేయలేదు. ఇంట్లో రెండో కారు ఉండి, యంత్రాల మీద సరదా ఉన్నవారు కొనుక్కుంటే కొనుక్కోవచ్చు. పొద్దున్నే పిల్లలను బడికి దించి ఆఫీసుకు వెళ్లాల్సినవారు మాత్రం ఆ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక 2022, 2023 నాటి స్ట్రాంగ్ హైబ్రిడ్లు. కొత్తలో సిటీ హైబ్రిడ్ షోరూం ధర 19.49 లక్షలు, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ ధర 15.11 లక్షల నుంచి మొదలైంది కాబట్టి ఇవి సెకండ్‌హ్యాండ్‌లోనూ అంత చవక కావు. అయినా వీటి హైబ్రిడ్ బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉన్నందున ఇంకా కొన్నేళ్ల భరోసా మిగిలి ఉంటుంది. అదనపు ధర గిట్టుబాటవుతుందా లేదా అన్నది మనం ఎక్కడ, ఎంత తిరుగుతామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఊళ్లోనే నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. మామూలు పెట్రోలు కారు ట్రాఫిక్‌లో లీటరుకు 12, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే నెలకు సుమారు 33 లీటర్లు, అంటే మూడున్నర వేల రూపాయలు మిగులుతాయి. రెండు కార్ల ధరల మధ్య తేడా మూడు లక్షలైతే అది రాబట్టుకోవడానికి ఏడేళ్లు పడుతుంది. అదే మనిషి నెలకు నాలుగు వందల కిలోమీటర్లే తిరిగితే పదిహేడేళ్లు దాటుతుంది. అప్పటికి బ్యాటరీ సంగతి చెప్పనవసరం లేదు.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. హైబ్రిడ్ లాభమంతా ఆగుతూ సాగే ప్రయాణంలోనే. హనుమకొండ చౌరస్తాలో, పోచమ్మ మైదాన్‌లో, కాజీపేట ఫాతిమానగర్ వంతెన మీద బండ్లు చీమల బారులా కదిలేటప్పుడు ఆ కారు తన పనితనం చూపిస్తుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ వృథాగా వేడిగా మారిపోయే శక్తిలో కొంత భాగం బ్యాటరీలోకి వెళ్తుంది. మే నెల ఎండలో ఇంజిన్ ఆగి ఉన్నా ఏసీ పనిచేస్తుంది, ఎందుకంటే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ కరెంటుతోనే తిరుగుతుంది. కానీ వారం వారం 163వ జాతీయ రహదారి మీద జనగామ మీదుగా హైదరాబాద్ వెళ్లొచ్చే ఉద్యోగికి బ్రేకు వేసే పనే తక్కువ. ఆ దారిలో మామూలు పెట్రోలు కారు 18 ఇస్తే హైబ్రిడ్ 21 ఇవ్వొచ్చు. వెయ్యి కిలోమీటర్లకు మిగిలేది ఎనిమిది, తొమ్మిది వందల రూపాయలు. అటువంటివారు హైబ్రిడ్‌కు అదనంగా పెట్టడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

మన ప్రాంతానికి సంబంధించి వరద గురించి విడిగా చెప్పాలి. 2023 జూలైలో హంటర్ రోడ్డు కాలనీలు, నయీంనగర్ నాలా పరిసరాలు నీటమునగడం, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరికి ఊరే మునిగిపోవడం ఎవరూ మరిచిపోలేదు. మళ్లీ 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు అదే కథ. అలా మునిగిన కార్లు కడిగి, పాలిష్ పెట్టి, ఊరు మార్చి అమ్మకానికి రావడం కొత్త విషయం కాదు. మామూలు కారు నీళ్లలో మునిగితే సీట్లు, వైరింగ్, మహా అయితే ఇంజిన్ బాగుచేయించుకుంటాం. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనక సీటు దగ్గరో డిక్కీ అడుగునో ఉంటుంది కాబట్టి నీళ్లు అక్కడిదాకా వస్తే కనెక్టర్లకు పట్టిన తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. అందుకని సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. పైన మెరుస్తున్న బెల్టు లోపలి మూరెడు ముక్క మీద మట్టి గీత కనిపిస్తే ఇక ఆ కారు గురించి మాట్లాడనవసరం లేదు. సీట్ల కింది పట్టాలు, స్టెప్నీ గుంత, కార్పెట్ కింది పొర కూడా చూడాలి. బురద వాసనను ఏ సెంటూ పూర్తిగా కప్పలేదు. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడిగితే అమ్మేవాడు నసిగినా అదే సమాధానం.

బ్యాటరీని చల్లబరిచే గాలి చాలా హైబ్రిడ్లలో వెనక సీటు పక్కనో కిందో ఉన్న చిన్న జాలీలోంచి లోపలికి వెళ్తుంది. అక్కడ బ్యాగులు అడ్డంపెట్టినా, ఫిల్టరుకు దుమ్ము పట్టినా బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. ఎనుమాముల మార్కెట్ సీజన్‌లో రోడ్ల మీద ఎగిరే పత్తి పింజలు ఆ జాలీకి అంటుకొని ఉండగా నేను చూశాను. యజమానికి అక్కడొక ఫిల్టరు ఉందన్న సంగతే తెలియదు. ఇంకొకటి, బ్రేకు ప్యాడ్లు అరగలేదు కాబట్టి కారు తక్కువ తిరిగిందని చెప్తే నమ్మవద్దు. హైబ్రిడ్‌లో వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారే చేస్తుంది కనుక ప్యాడ్లు ఎలాగూ నిదానంగానే అరుగుతాయి. మీటరు మీద అనుమానముంటే కంపెనీ సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లోని రికార్డును చూడాలి. బండిని ఎదుటివాళ్లు ముందే వేడిచేసి పెట్టకుండా పొద్దున్నే వెళ్లి నడపాలి, ఏసీ పెట్టి పది నిమిషాలు నిలిపి ఉంచాలి. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గీతలు గబగబా నిండి అంతే గబగబా పడిపోతున్నా, ఇంజిన్ అసలు ఆగకుండా తిరుగుతున్నా బ్యాటరీ అలసిపోయినట్టే లెక్క. ఈ పరీక్షల తర్వాత కూడా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేయించి, బ్యాటరీలోని సెల్ బ్లాకుల (సెల్ గుంపుల) మధ్య వోల్టేజీ తేడా ఎంతుందో కాగితం మీద తీసుకోవాలి. దానికయ్యే ఖర్చుకు వెనకాడేవారు పాత హైబ్రిడ్ కొనకూడదు.

కాగితాల విషయంలో మన పాఠకులకు తెలిసినదే ఎక్కువ కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి కార్లు తక్కువ ధరకు ఇటు వస్తుంటాయి. అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌వోసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకోకుండా ఆ ధర చూసి మురిసిపోకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కార్ల జీఎస్టీ మారింది కనుక పాత కారు బేరానికి ముందు అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతకు వస్తుందో కూడా కనుక్కోవాలి. ఇన్సూరెన్స్ మార్పు 14 రోజుల్లో అడగడం మరవకూడదు.

పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ నుంచే ఉంది. రవాణా శాఖ అధికారులకు నా విన్నపం రెండు విషయాల్లో. ఆ అధికార పత్రం ఉన్న డీలరు హైబ్రిడ్ కారును అమ్మేటప్పుడు అది మైల్డా, స్ట్రాంగా అన్నది, బ్యాటరీ వారంటీ ఎప్పటిదాకా ఉందన్నది రాతపూర్వకంగా ఇవ్వాలని, కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన బ్యాటరీ రిపోర్టును ఓనర్‌షిప్ బదిలీ కాగితాలకు జతచేయాలని ఉత్తర్వు ఇవ్వాలి. అన్ని కార్ల ఆర్‌సీలోనూ ఈ రెండు రకాలను స్పష్టంగా వేరువేరుగా నమోదు చేసేలా కేంద్రానికి రాయాలి. ప్రస్తుతం ఫిట్‌నెస్ పరీక్షల్లో హారన్, లైట్లు, పొగ చూసే మనం, కారు ధరలో పెద్ద వాటా ఉన్న బ్యాటరీని మాత్రం అమ్మేవాడి నోటిమాటకు వదిలేస్తున్నాం. అటువంటి ఉత్తర్వు వచ్చేదాకా, రిపోర్టు ఇవ్వనన్న అమ్మకందారుకు బయానా ఇవ్వవద్దని పాఠకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి,
హనుమకొండ