చెరువుల మ్యాపుకు జీపీఎస్ కొనేముందు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో చెరువులు, రాజకాలువలు (వాననీటి పెద్ద కాలువలు), ఊరుమ్మడి తోపులు మ్యాపు చేయడానికి కాలనీ సంఘాలు, కాలేజీ పిల్లలు ముందుకొస్తున్నారు. ఎంతో అవసరమైన పని. అయితే చేతి జీపీఎస్ కొనేటప్పుడు చాలామంది తెర సైజు, రంగుల మ్యాపు చూసి డబ్బు పెడుతున్నారు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ముందుగా, గీయబోయే గీత ఎంత కచ్చితంగా ఉండాలో తేల్చుకోవాలి. పైన ఆకాశం తెరిపిగా ఉంటే ఈ పరికరాలు 3 నుంచి 5 మీటర్ల తేడాతో చూపిస్తాయి. చెట్ల కింద, అపార్ట్‌మెంట్ల మధ్య తేడా 10 మీటర్లు దాటొచ్చు. బోరుబావి, తూము, మురుగు కలిసే చోటు గుర్తించడానికి అది చాలు. హద్దుకు చాలదు. చతురస్రంగా ఉన్న ఎకరానికి ఒక్కో పక్క సుమారు 64 మీటర్లు. ఒక పక్క గీత 3 మీటర్లు జరిగితే 192 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2 గుంటలు తేడా వచ్చేస్తుంది. ఆక్రమణ ఫిర్యాదుకు అలాంటి మ్యాపు జతచేస్తే అవతలివాళ్లు ముందు పట్టుకునేది ఆ తప్పునే. హద్దుల పనికి లైసెన్సు సర్వేయరు, డీజీపీఎస్ (తెలిసిన స్థానంలో ఉంచిన మరో రిసీవరుతో తప్పు సరిచేసుకునే జీపీఎస్) లేదా టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే యంత్రం) తప్పవు.

ఇక పరికరం. పైకి బొడిపెలా కనిపించే క్వాడ్ హెలిక్స్ యాంటెన్నా చెట్ల కింద సిగ్నల్ మెరుగ్గా అందుకుంటుంది. దాన్ని నిలువుగా పట్టుకోవాలి. లోపల ఉండే బల్లపరుపు ప్యాచ్ యాంటెన్నా అయితే తెర ఆకాశం వైపు ఉండేలా పట్టుకోవాలి. జేబులో వేసుకుని నడిస్తే ఏ రకమైనా నష్టమే, ఒళ్లే సిగ్నల్‌కు అడ్డు. ఉపగ్రహాలు సిగ్నల్ పంపే ఎల్1 ఫ్రీక్వెన్సీతో పాటు ఎల్5 కూడా పట్టే మల్టీబ్యాండ్ సెట్టుకు గోడలకు తగిలి వచ్చే సిగ్నళ్లను వేరుచేయడం సులువు. నగరం లోపల పనిచేసేవాళ్లు ఖర్చు ఎక్కువైనా దాన్నే తీసుకోవాలి. జీపీఎస్ తప్పును తగ్గించడానికి ఉపగ్రహాల ద్వారా వచ్చే ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీల గగన్ సవరణలు అందాలంటే చాలా సెట్లలో వాస్ (WAAS) లేదా ఈజీనాస్ (EGNOS) అన్న పేరుతో ఉన్న సెట్టింగును ఆన్ చేయాలి. గగన్ పేరు కనిపించదని వదిలేయకండి. వేపాయింట్ యావరేజింగ్, అంటే ఒకే చోట తీసిన చాలా రీడింగుల సగటు కట్టే సౌకర్యం, ఉందో లేదో కూడా అడగండి. ఒకేసారి చాలాసేపు నిలబడటం కన్నా, గంటన్నర విరామంతో 4 నుంచి 8 సార్లు రీడింగు తీయడం మేలు. ఈలోగా ఉపగ్రహాల అమరిక మారుతుంది.

ఎక్కువ మ్యాపులు పాడయ్యేది సెట్టింగుల దగ్గరే. డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారమైన భూమి నమూనా, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 ఉండాలి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (నేల వివరాల మ్యాపులు) ఎవరెస్ట్ అనే వేరే డేటమ్‌వి. మార్చకుండా ఒకదానిపై ఒకటి వేస్తే ఇక్కడ తేడా 100 మీటర్లకు పైనే. భూమిని 6 డిగ్రీల వెడల్పు జోన్లుగా విడదీసి స్థానాన్ని మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి వాడేవారికి ఇంకో చిక్కుంది. జోన్ మారే 78 డిగ్రీల రేఖాంశం బెంగళూరుకూ కోలారుకూ మధ్యగా పోతుంది. బెంగళూరు, హోస్కోటె 43వ జోన్. కోలారు, కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల ఊరు) 44. జోన్ తప్పు పడితే కోలారు చెరువు వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. అందుకే నిమిషాలు, సెకన్లు లేకుండా డెసిమల్ డిగ్రీల్లో, 5 దశాంశ స్థానాలతో రాసుకోవడం మంచిది. 13 డిగ్రీల 5.30 నిమిషాలను ఎవరైనా 5 నిమిషాల 30 సెకన్లుగా రాసుకుంటే స్థానం సుమారు 370 మీటర్లు జరిగిపోతుంది.

గొలుసు చెరువుల్లో నీరు ఎటు పారుతుందో జీపీఎస్ చూపించే ఎత్తు అంకెలతో తేల్చకండి. నిలువు తప్పు అడ్డం తప్పుకన్నా ఎక్కువ. పైగా కొన్ని ఫోన్ యాప్‌లు సముద్రమట్టం నుంచి కాక ఎలిప్సాయిడ్ (లెక్క కోసం ఊహించిన నున్నటి భూమి ఆకారం) నుంచి ఎత్తు చూపిస్తాయి. బెంగళూరులో ఆ రెంటికీ 80 మీటర్లకు పైగా తేడా. నీటి వాలు తేల్చడానికి ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే సర్వే పరికరం) వాడాలి.

సెకండ్ హ్యాండ్ సెట్టయితే తేదీ చూడండి. 2019 ఏప్రిల్ 6న, తేదీ తెలిపేందుకు జీపీఎస్ వాడే వారాల లెక్క మళ్లీ సున్నాకు వచ్చింది. ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ లేని కొన్ని పాతవి దాదాపు 20 ఏళ్ల వెనకటి తేదీ చూపిస్తాయి. అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవారు ఇన్‌రీచ్ వంటి ఉపగ్రహ సందేశాల మోడళ్ల జోలికి పోవద్దు. అనుమతి లేకుండా వాటిని ఇక్కడ వాడటం చట్టవిరుద్ధం, విమానాశ్రయంలోనే కేసు కావచ్చు.

సంఘాలకు ఒక విన్నపం. మీ మ్యాపు మూలన పరికరం మోడల్, డేటమ్, రీడింగు తీసిన తేదీ, అప్పుడు తెర మీద కనిపించిన తేడా ఎన్ని మీటర్లో తప్పకుండా రాయండి.

- మ్యాపింగ్ పనిలో ఉన్న పాఠకులు, మారతహళ్లి, బెంగళూరు