మంత్రి గారూ, ఆ మందు 52 వారాలకి కాదు, మా పాప జీవితాంతానికి

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా పాపకి తొమ్మిదేళ్లు. పుట్టినప్పుడే వెన్ను మీద గడ్డ ఉంటే రెండో రోజే ఆపరేషన్ చేశారు, నడుస్తుంది, చదువుతుంది, కానీ మూత్రం సంచికి పోయే నరాలు సరిగ్గా పనిచేయవు. రోజుకి ఐదుసార్లు నేనే పైపు పెట్టి తీస్తాను, పదకొండింటికి స్కూలుకి కూడా పోతాను, అక్కడ బాత్రూంకి గడియ లేదు, తలుపుకి నా వీపు ఆనించి పని కానిస్తా. కాథెటర్ అంటారు గానీ మేం వాడేది పసిపిల్లలకి పాలు పట్టే ఎనిమిదో నంబర్ ఫీడింగ్ ట్యూబే, చవక కదా.

పైపు ఒక్కటే చాలదండీ. సంచిలో ప్రెషర్ పెరిగితే మూత్రం వెనక్కి కిడ్నీల్లోకి పోతుంది, అందుకే మూడో ఏట నుంచి ఆక్సీబ్యూటినిన్ మాత్ర. మంచి మందే, దాని మీద నాకు కోపం లేదు. కానీ నోరు ఎండిపోతది, మోషన్ రాదు, చెమట పట్టదు. చెమట పట్టకపోవడం అంటే ఏంటో మే నెలలో మా నల్గొండకి వచ్చి చూడాలి మీరు, మొహం ఎర్రగా కందిపోయి ఒళ్లు కాలిపోతుంటే తడి తువ్వాలు కప్పి కూలర్ ముందు కూర్చోబెడతా, అప్పుడే కరెంట్ పోతే ఇంక మా గోస చెప్పక్కర్లేదు.

కొత్తది మిరాబెగ్రాన్ ఉంది, 2021 మార్చిలో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ మూడేళ్లు దాటిన ఇలాంటి పిల్లలకి ఓకే చేసింది. దాని ట్రయల్‌లో 86 మంది పిల్లల్ని 52 వారాలు చూశారు. తప్పు పట్టట్లేదు, ఇలాంటి పిల్లలు అంతమంది దొరకడమే కష్టం. కానీ మావాళ్లు వేసుకునేది ఏళ్ల తరబడి కదా. ఆ మందుకి బీపీ పెరగొచ్చంటారు, పాత మందు రకానికేమో పెద్దవాళ్లలో మతిమరుపు వస్తుందేమోనని అనుమానం ఉందంట, మరి మూడో ఏట మొదలుపెట్టిన పిల్లకి ఇరవయ్యో ఏట ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరైనా రాసి పెడుతున్నారా?

అడిగేది ఒక్క రిజిస్టర్. హైదరాబాద్ ఆస్పత్రులు నిలోఫర్, నిమ్స్‌తో మొదలుపెట్టండి. ఏ మందు, ఎంత డోసు, ఎప్పట్నుంచి, ఏడాదికోసారి యూరోడైనమిక్స్ (సంచి ప్రెషర్ చూసే టెస్ట్), స్కాన్, క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష), బీపీ, అన్నీ ఫ్రీగా, పిల్ల పద్దెనిమిది దాటి పెద్దల వార్డుకి మారినా అదే నంబర్. మేం పోయే ఆస్పత్రిలో (పేరెందుకు లెండి) ప్రతిసారీ కొత్త చీటీ, కొత్త డాక్టరు, కథ మళ్లీ మొదటి నుంచి. మా పాప రికార్డంతా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బాలో ఉంది.

ట్రయలే పెడతామంటే ఇంకా మంచిది, బస్సు చార్జీలు ఇవ్వండి, అయిపోయాక మందు ఆపేయకండి. వైద్య పరిశోధనల మీద ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లో ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలని ఉంది కదా, నేను ముందే అడిగేశా. "ఎండాకాలం బయట ఆడుకోనిస్తే వేసుకుంటా" అంది.

డబ్బా పట్టుకుని ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానండీ, పదకొండింటికి మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక అమ్మ, నల్గొండ జిల్లా